మార్చి నుంచి ఆగస్టు దాకా పాత ఫైబర్ బోటు కొనుగోలు: నా అనుభవం

మా తమ్ముడు పదకొండేళ్లుగా కొత్తపట్నం తీరంలో ఇతరుల పడవల మీద వేటకు వెళుతున్నాడు. వేటలో వచ్చిన సొమ్ములోంచి డీజిలు, ఐసు ఖర్చులు తీసేశాక పడవకు, ఇంజనుకు, వలలకు పాళ్లు పోగా మిగిలిందే మనుషుల వంతుకు వస్తుంది. ఆ పడవ పాలు కూడా మన ఇంటికే రావాలంటే పడవ మనదై ఉండాలన్నది వాడి పట్టుదల. కొత్త బోటును ఇంజనుతో సహా కొనే స్తోమత మాకు లేదు. నేను ఒంగోలులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. సముద్రంతో నాకున్న పరిచయమల్లా చిన్నప్పుడు నాయన వెంట రెండుసార్లు వెళ్లి, రెండుసార్లూ వాంతులు చేసుకుని రావడమే. అయినా డబ్బులో సగం నాది, కాగితాల పని మొత్తం నాది కాబట్టి మొదటినుంచి చివరిదాకా ఈ వ్యవహారంలో నేను ఉన్నాను. పాత బోటు కొనాలనుకునేవారికి పనికి వస్తుందని జరిగింది జరిగినట్టు తేదీలతో సహా రాస్తున్నాను.

మొదటి బోటును 2025 మార్చి 9న, ఆదివారం, సింగరాయకొండ వైపు ఒక పల్లెలో చూశాము. నీలం రంగు ఆరీ ఆరనట్టుంది. మేము వెళ్లిన అయిదు నిమిషాలకే యజమాని హ్యాండిల్ తిప్పాడు, ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. నేను సంబరపడ్డాను. మా మామ మాత్రం, ముప్పై అయిదేళ్లు సముద్రం మీద బతికిన మనిషి, ఏమీ మాట్లాడకుండా మమ్మల్ని టీ తాగుదాం రమ్మని పక్కకు తీసుకుపోయాడు. "మనం రాకముందే తిప్పి పెట్టాడ్రా. నేను చెయ్యి పెట్టి చూశాను, కాలింది" అన్నాడు. చల్లగా ఉన్న ఇంజను ఎన్ని తిప్పులకు అందుకుంటుందో, మొదటి పొగ ఏ రంగులో వస్తుందో చూడాలట. వేడెక్కిన ఇంజను ఎవరి దగ్గరైనా మంచిగానే మాట్లాడుతుందట. ఆ రోజునుంచి ఏ బోటు దగ్గరికి వెళ్లినా పలకరింపులకంటే ముందు మా చేతులు ఇంజను మీదికి వెళ్లేవి.

రెండో బోటు ధర మేము అనుకున్నదానిలో సగమే. మార్చి 23న చూశాము. గట్టిగానే ఉంది. పక్కన నంబరు లేదు. అడిగితే "నంబరు దేనికి, సముద్రం అడుగుద్దా?" అన్నాడు అమ్మేవాడు. సముద్రం అడగదు గాని మెరైన్ పోలీసులు అడుగుతారు, డీజిలు రాయితీ ఇచ్చేవాళ్లు అడుగుతారు. ఐఎన్‌డీ-ఏపీ అక్షరాలతో మొదలయ్యే ఆ రిజిస్ట్రేషన్ నంబరు లేనిదే వేట లైసెన్సు లేదు, లీటరుకు 9 రూపాయల రాయితీ లేదు. తమ్ముడికి ఆ ధర మీద చాలా ఆశ ఉండేది. ఉగాది పండుగ రోజు కూడా వాడు నాతో సరిగా మాట్లాడలేదు.

మూడో బోటు సంగతి మా మేనత్త కొడుకు చెప్పాడు. నెల్లూరు జిల్లా అల్లూరు మండలంలో సముద్రపు ఒడ్డునున్న ఒక పల్లెలో, తండ్రి చనిపోయిన తరువాత వేట మానేసిన ఒకతను అమ్మకానికి పెట్టాడు. ఏప్రిల్ 13న నేను, తమ్ముడు, మామ కావలిదాకా బస్సులో, అక్కడినుంచి ఆటోలో వెళ్లాము. తాటాకు పందిరి కింద, ముక్కు సముద్రం వైపు పెట్టి ఉంది. ముప్పై అడుగుల ఫైబర్ బోటు, వెనక ఫ్యానును తిప్పే పొడుగు ఇనుప కడ్డీ, అంటే షాఫ్టు, ఉన్న డీజిల్ ఇంజను. జనవరి నుంచి నీళ్లలో దిగలేదని చెప్పారు. 2,40,000 రూపాయలు అడిగాడు. పందిరి వాసానికి ఒక వెదురు గడ, యూరియా సంచులు విప్పి కుట్టిన తెరచాప ఒకటి చుట్టి కట్టి ఉన్నాయి. అవి కూడా ఇస్తావా అని తమ్ముడు నవ్వుతూ అడిగితే, "నాయనది, ఊరికే తీసుకుపోండి" అన్నాడు.

మామ జేబులోంచి పది రూపాయల బిళ్ల తీసి, బోటు అడుగు పొడవునా జానెడు దూరానికి ఒక దెబ్బ చొప్పున కొట్టుకుంటూ వెళ్లాడు. నన్ను చెవి దగ్గరగా పెట్టమన్నాడు. గట్టిగా ఉన్నచోట టక్కున పలికింది. ఒక్కచోట, కుడివైపు వెనక భాగాన, మెత్తగా డొల్ల శబ్దం వచ్చింది. అక్కడ ఫైబర్ పొరలు విడిపోయాయని అర్థమట. నీటి గీత కింద కందిగింజంత బుడిపెలు ఏడెనిమిది కనబడ్డాయి. ఒకదాన్ని పిన్నీసుతో గుచ్చితే ఒక చుక్క జిగట నీరు వచ్చింది, వాసన చూస్తే వెనిగర్ లాగ పుల్లగా ఉంది. పైపూతలోంచి లోపలికి దిగిన నీరు ఫైబర్‌ను అతికించే రెజిన్ అనే జిగురుతో కలిసి అలా పులుస్తుందని, ఏడెనిమిది బుడిపెలకు భయపడనక్కరలేదని, చెయ్యి పెట్టినచోటల్లా ఉంటే మాత్రం వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయాలని మామ చెప్పాడు. ఈ రెండు లోపాలు చూపించి ధర తగ్గించవచ్చని మేము లోలోపల సంతోషించాము. బయటినుంచి ఇంత జాగ్రత్తగా చూసినవాళ్లం లోపల ఏముందో చూడలేదన్నది తరువాత తెలిసింది.

ఏప్రిల్ 15న, ఏటా సముద్రంలో పెట్టే వేట నిషేధం మొదలైంది. జూన్ 14 వరకు, మొత్తం 61 రోజులు. నిషేధ కాలంలో పాత బోట్లు చవకగా దొరుకుతాయని అందరూ అంటారు, అది నిజమే. ఎవరికీ ఆదాయం ఉండదు కాబట్టి అమ్మేవాళ్లు దిగివస్తారు. అయితే ఆ రోజుల్లో బోటును సముద్రంలోకి దించి చూసుకునే వీలుండదన్న మాట ఎవరూ చెప్పరు. మెకానిక్‌ను వెంటబెట్టుకుని ఏప్రిల్ 20న వెళ్లినప్పుడు మేము ఉప్పుటేటిలోనే నడిపి చూశాము. మెకానిక్‌కు రోజు కూలి 1,500 రూపాయలు, దారిఖర్చులు మావి. బోటును ఏటిదాకా చేర్చడానికి అమ్మేవాడు ట్రాక్టరు సిద్ధంగా ఉంచాడు. "పది మంది తోస్తే పోయేదానికి ట్రాక్టరు దేనికి?" అని మామ అడిగాడు. పిల్లలందరూ ఈస్టరుకు చర్చికి పోయారని అతను చెప్పాడు. ఆ రోజు నిజంగానే ఈస్టరు. ఆ మాటను మేము అక్కడితో వదిలేశాము.

ఇంజను చల్లగానే ఉంది. నాలుగో తిప్పుకు అందుకుంది. మొదట కాస్త తెల్లపొగ వచ్చి రెండు నిమిషాల్లో పలచబడింది. ఆయిలు గేజి కడ్డీ తీసి చూస్తే నల్లగా ఉందే గాని పాలు కలిసినట్టు లేదు, అంటే ఆయిలులో నీళ్లు చేరలేదు. షాఫ్టును చేత్తో పట్టుకుని ఊపితే కొద్దిగా కదిలింది. షాఫ్టును పట్టి ఉంచే బుష్షు అరిగింది, మార్చుకోవాలన్నాడు మెకానిక్. నలభై నిమిషాలు ఏటిలో అటూ ఇటూ తిప్పాము. నిలువు నీళ్లలో పెళ్లికూతురిలా నడిచింది. బేరం 1,95,000 దగ్గర తెగింది. నలభై అయిదు వేలు తగ్గించామన్న గర్వం మా ముగ్గురికీ ఆ రాత్రి ఒంగోలు చేరేదాకా ఉంది.

ఏప్రిల్ 26న ప్రభుత్వం మత్స్యకార సేవలో పథకం కింద నిషేధ కాలపు భృతి 20,000 రూపాయలు వేసింది. తమ్ముడి ఖాతాలో పడ్డ ఆ డబ్బునే మరునాడు తీసుకువెళ్లి బయానాగా ఇచ్చి, వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకున్నాము. ఆ రాత్రి అమ్మ ఇంట్లో పప్పు, చారే వండింది. రెండు నెలల తిండి డబ్బు పడవకు పోయిందన్న సంగతి ఆమె మాటల్లో అనలేదు.

రిజిస్ట్రేషన్ కాగితం అసలు ప్రతిని నేను చేతిలోకి తీసుకుని చదివింది కూడా ఆ రోజే. నా పొరపాట్లలో పెద్దది ఇదే, దీన్ని మొదటి రోజే అడిగి ఉండవలసింది. బోటు అమ్మేవాడి పేరు మీద లేదు, చనిపోయిన తండ్రి పేరు మీద ఉంది. మత్స్యశాఖ కార్యాలయంలో అడిగితే, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగిలిన వారసులందరి నిరభ్యంతర పత్రాలు లేనిదే పేరు మార్చడం కుదరదన్నారు. వారసులు ముగ్గురు: తల్లి, ఇతను, చెన్నైలో కాపురముంటున్న చెల్లెలు. మే 2న కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టించాను. మే 29న చేతికి వచ్చింది, అంటే 27 రోజులు. చెల్లెలి సంతకం మరింత కష్టమైంది. తండ్రి ఆస్తిలో తనకేమీ ఇవ్వలేదన్న కోపం ఆమెకు ముందే ఉంది. ఆమెతో ఫోనులో మాట్లాడవలసిన పని నా మీద పడింది. "అన్నయ్యా, మీరెవరో నాకు తెలియదు, మీ మీద నాకు కోపం లేదు, నా సంతకం ఊరికే రాదని వాడికి చెప్పండి" అన్నది. ఆమె మాటలో తప్పేమీ నాకు కనిపించలేదు. చివరికి మేము ఇచ్చే మొత్తంలోంచి అన్న ఆమెకు పదిహేను వేలు పంపేటట్టు ఒప్పుకున్నాక, జూన్ 7న నోటరీ చేయించిన కాగితం పోస్టులో వచ్చింది. రెండు రోజుల సెలవు, నాలుగు బస్సు ప్రయాణాలు, ఒక కుటుంబ తగాదా ఈ ఒక్క కాగితం వెనక ఉన్నాయి.

జూన్ 14 సాయంత్రం మిగిలిన 1,75,000 చెల్లించాము. నిషేధం తీరే రాత్రి కాబట్టి ఆ పల్లె అంతా ఒడ్డునే ఉంది. ఐసు పెట్టెలు, వలలు ఎక్కిస్తున్నారు. గంగమ్మకు కొబ్బరికాయలు కొడుతున్నారు. లారీ మీద తెస్తే ఎక్కించడానికి, దించడానికి, బాడుగకు కలిపి పదిహేను వేలదాకా అవుతుందని సముద్రం మీదుగానే తీసుకువెళ్లాలని తమ్ముడు నిర్ణయించాడు. తీరం వెంబడి ఎనభై కిలోమీటర్లు పైగా. తెల్లవారుజామున నాలుగు గంటలకు తమ్ముడు, మామ, నేను, వాడి స్నేహితుడొకడు బయలుదేరాము. నాలుగు లైఫ్ జాకెట్లలో ఒకదానికి పట్టీ తెగి ఉంది, అది నాకు వచ్చింది.

ఒడ్డున విరిగే అలలు దాటగానే తేడా తెలిసింది. ఉప్పుటేటిలో చలాకీగా నడిచిన బోటు అలల మీద వెనక భాగం దించుకుని, బరువు మోస్తున్న ఎద్దులాగ నడిచింది. మధ్యాహ్నానికి చేరవలసినవాళ్లం ఎంత ఆలస్యమవుతామో తమ్ముడు లెక్కలు వేసుకుంటున్నాడు. నేను జువ్వలదిన్నె దాటకముందే వాంతులు మొదలుపెట్టాను. ఏడున్నర దాటాక, రామాయపట్నం దగ్గర కట్టుతున్న కొత్త రేవు రాళ్లగోడ ఎడమవైపు కనబడుతుండగా, ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఇంజను ఆగిపోతే వచ్చే నిశ్శబ్దం నాకు ఇంకా గుర్తుంది. అల బోటు పక్కకు తగిలే చప్పుడు ఒక్కటే. తమ్ముడు డీజిల్ ఫిల్టరు గిన్నె విప్పాడు. దానిలో నల్లటి జిగురు, అరచేతిలో వేసుకుంటే కాటుకలా అంటుకున్నది. నెలల తరబడి కదలకుండా ఉన్న ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి అది. ఉప్పుటేటిలో అలలు లేవు కాబట్టి అది అడుగునే ఉండిపోయింది. సముద్రంలో మూడు గంటలు కుదిపేసరికి పైకి లేచి దారి మూసేసింది. పాత బోటు చూసేటప్పుడు ట్యాంకు అడుగు మరను విప్పి ఒక గ్లాసు డీజిలు సీసాలో పట్టి చూడడం రెండు నిమిషాల పని. మేము చేయలేదు, మా మెకానిక్ కూడా చేయలేదు.

బోటు ఒడ్డు వైపు కొట్టుకుపోకుండా మామ వెదురు గడ నిలబెట్టి, మేము నవ్వుకున్న ఆ యూరియా సంచుల తెరచాప ఎత్తాడు. జూన్ నెల గాలి నైరుతి నుంచి, మా వీపు మీదినుంచి వస్తోంది. మేము వెళ్లవలసింది ఉత్తరానికి. సంచుల మీద ఎరువుల కంపెనీ అక్షరాలు తలకిందులుగా కనబడుతుండగా తెరచాప ఒక్కసారి టప్పున విచ్చుకుంది, బోటు ముక్కు తిప్పుకుని నడవడం మొదలుపెట్టింది. చుక్కానికి బదులు ఒక తెడ్డు వెనక పట్టుకుని మామ కూర్చున్నాడు. ఆ గంటన్నరలో నాకు వాంతులు కూడా ఆగాయి. ఈలోగా తమ్ముడు ట్యాంకును పక్కనబెట్టి, ఇరవై లీటర్ల డీజిల్ డబ్బాలోకి నేరుగా గొట్టం వేసి, పంపు దగ్గర నట్టు వదులు చేసి బుడగలు పోయేదాకా గాలి తీశాడు. ఇంజను మళ్లీ అందుకున్నాక కూడా మామ తెరచాప దించనివ్వలేదు. కొత్తపట్నం ఒడ్డు చేరేసరికి మధ్యాహ్నం మూడు కావస్తోంది.

అసలు సంగతి ఒడ్డున బయటపడింది. మా దగ్గర అదే కొలత బోట్లను పది మంది తోసి ఇసుక మీదికి ఎక్కిస్తారు. మా బోటుకు పదహారు మంది పట్టారు. ఒక పెద్దాయన చెమట తుడుచుకుంటూ, "ఇది తాగిన పడవ అబ్బయ్యా, లోపలంతా నీళ్లే" అన్నాడు. అప్పుడు నాకు ట్రాక్టరు గుర్తుకు వచ్చింది. మామ ముఖం వైపు చూస్తే ఆయన సముద్రం వైపు చూస్తున్నాడు.

ఫైబర్ మేస్త్రీ జూన్ 17న వచ్చి, కాళ్లు పెట్టే చెక్క కింద చిన్న రంధ్రం వేశాడు. సన్నటి ధారగా నీళ్లు రావడం మొదలై ఎంతకీ ఆగలేదు. గ్రైండరుతో మూడుచోట్ల చదరంగా కోసి తెరిచాడు. బోటు మునగకుండా లోపల నింపే పసుపురంగు ఫోము కింది సగం పూర్తిగా నానిపోయి ఉంది. చేత్తో ముక్క తీసి పిండితే నానబెట్టిన దిండును పిండినట్టు నీళ్లు కారాయి, మురుగు వాసన వచ్చింది. ఎప్పుడో వల చుట్టే కప్పీ బిగించడానికి వేసిన మరల రంధ్రాలను మూయకుండా వదిలేశారట, ఏళ్ల తరబడి వాటిలోంచి చుక్క చుక్కగా దిగింది. తేలడానికి పెట్టినదే నీళ్లు తాగి బోటును కిందికి లాగుతోందన్నమాట. ఆ ఫోమంతా తీసి, పది రోజులు ఎండబెట్టి, కొత్తది నింపి, మూడు పొరల ఫైబర్ మ్యాటు, రెజిన్ వేసి మూయడానికి 27,500 రూపాయలు అయింది. బిళ్లతో కొట్టినప్పుడు డొల్ల పలికిన చోటు కూడా దీనిలోనే కలిసింది. అమ్మినతనికి ఫోను చేశాను. "నాయన సంగతులు నాకేం తెలుసన్నా, నేను వేటకు పోయిందే తక్కువ" అన్నాడు. అతని మాట సగం నమ్మాను. ట్రాక్టరు సంగతి అడగాలనుకుని అడగలేదు.

మరమ్మతు తరువాత బోటును తోయడానికి తొమ్మిది మంది సరిపోయారు. మరొకరెవరైనా నన్ను అడిగితే, బోటును తోయడానికి ఎంతమంది పడుతున్నారో కళ్లారా చూసి లెక్కపెట్టుకుని, అదే కొలత పక్క బోటుకు ఎంతమంది పడుతున్నారో కూడా చూడమంటాను. ఇంజను పాడైతే బాగుచేయవచ్చు, అవసరమైతే మార్చవచ్చు, ఒడ్డుమీద ప్రతి ఊళ్లో దానికి మనిషి దొరుకుతాడు. మేము మా శ్రద్ధలో మూడొంతులు ఇంజనుకే పెట్టాము.

పేరు మార్పు దరఖాస్తును జూన్ 20న, వేట పడవల రిజిస్ట్రేషన్‌కు ఉన్న రియల్‌క్రాఫ్ట్ వెబ్‌సైటులో పెట్టాము. రిజిస్ట్రేషన్ వేరు, వేట లైసెన్సు వేరు, రెండూ మారాలి. పాత యజమానిది నెల్లూరు జిల్లా, మాది ప్రకాశం జిల్లా కాబట్టి ఫైలు రెండు కార్యాలయాల మధ్య తిరిగింది. జూలై 8న తనిఖీకి వచ్చిన ఉద్యోగి కిరసనాయిలు గుడ్డతో ఇంజను పలక తుడిచి నంబరు చదివితే, అది కాగితంలో ఉన్న నంబరు కాదు. చనిపోయిన పెద్దాయన ఎప్పుడో ఇంజను మార్చి ఆ సంగతి రాయించలేదు. మళ్లీ అల్లూరు, మళ్లీ వాళ్ల ఇంట్లో పాత ట్రంకు పెట్టె వెతకడం. పెద్దాయన భార్య దేవుడి పటం వెనకనుంచి ఇంజను కొన్న బిల్లు తీసి ఇచ్చింది. కాగితాలు వచ్చేదాకా రాయితీ లేకుండా పూర్తి ధరకు డీజిలు కొన్నాము. మెరైన్ పోలీసులు అడిగినప్పుడల్లా తమ్ముడు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకున్న ఒప్పందం నకలు చూపించేవాడు.

ఖర్చు లెక్క: బోటు 1,95,000, మెకానిక్ రెండు రోజులు 3,000, ఫైబర్ పని 27,500, ట్యాంకు శుభ్రం, ఫిల్టర్లు, గొట్టాలు 2,300, రంగు, నంబరు రాయించడం 3,200, తెచ్చిన రోజు డీజిలు, భోజనాలు 4,600, స్టాంపులు, నోటరీ, బస్సులు 5,400. మొత్తం 2,41,000. మొదటి రోజు అతను అడిగింది 2,40,000. షాఫ్టు బుష్షు ఇంకా మార్చలేదు.

జూలై 2 నుంచి తమ్ముడు వేటకు వెళుతున్నాడు. యూరియా సంచుల తెరచాపకు చిరుగులు పడ్డచోట మామ కొత్త అతుకులు వేసి, మడిచి ముక్కు దగ్గర పెట్టాడు. ఆగస్టు 22న రిజిస్ట్రేషన్ కాగితం తమ్ముడి పేరు మీద వచ్చింది. ఒంగోలు కార్యాలయం మెట్ల మీదే నిలబడి రెండుసార్లు చదివాను. పేరు సరిగ్గానే ఉంది, ఊరు సరిగ్గానే ఉంది, ఇంజను నంబరులో చివరి అంకె తప్పు పడింది. సవరణకు సోమవారం రమ్మన్నారు.